సత్యభామ జడకి సోమవారం గడువు!

"ముందు మీ తల సంగతి చూసుకోండి బాబూ, తర్వాత మా జడ గురించి రాద్దురుగాని!"

కూచిపూడిలో నాకు దొరికిన మొదటి స్వాగతం ఇది. అన్నది ఎవరో అల్లరి పిల్లాడు కాదు, డెబ్భై నాలుగేళ్ళ మామ్మగారు. అరుగు మీద కూచుని, ఒళ్ళో బారెడు నల్లజుట్టు పరుచుకుని, పళ్ళ మధ్య నల్లదారం బిగించి దువ్వెనతో చిక్కు తీస్తోంది. ఆ జుట్టు ఆవిడది కాదు. ఎవరిదో ఆవిడకే తెలియదు. ముప్ఫై ఐదేళ్ళకే నుదురు నడినెత్తి దాకా పాకిన నా తల చూసి ఆవిడకి నిజంగానే జాలేసింది. "మీకు సవరం కట్టాలన్నా పట్టు దొరకదు" అని తేల్చి చెప్పేసింది.

పేరు రాయనా అంటే వద్దంది. "ఇరవై ఏళ్ళు మద్రాసులో సినిమాలకి జడలల్లాను. టైటిల్స్‌లో వెయ్యలేదు. ఇప్పుడు మీ పత్రికలో ఎందుకు?" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే. అందుకని ఈ వ్యాసం పొడుగునా ఆవిడ మామ్మగారే.

అసలు నేను వెళ్ళింది జడ చూడ్డానికి. అవునండీ, ఒక జడ చూడ్డానికే! మన హీరోయిన్ల నవ్వుల గురించి, నడకల గురించి, చీరల గురించి మీరు చాలా చదివి ఉంటారు. కానీ ఒక్క జడ మీద ఊరంతా మూడువందల ఏళ్ళ పైగా బతికిందంటే నమ్ముతారా?

విజయవాడ బస్టాండులో బందరు బస్సెక్కాను. కంకిపాడు, ఉయ్యూరు దాటాక రోడ్డుకి రెండువైపులా కోసేసిన వరి మళ్ళలో మినుము పచ్చగా పరుచుకుంది. చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు నత్తలా నడిచింది. పామర్రులో దిగి చల్లపల్లి బస్సు పట్టుకోవాలి. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళెవరూ పామర్రులో ఊరికే బస్సు మారరు. పక్కనే నిమ్మకూరు, ఎన్.టి.ఆర్. పుట్టిన ఊరు. కాస్త అవతలికి వెళితే గుడివాడ, ఆ చుట్టుపక్కలే అక్కినేని పుట్టింది. ఈ ఇద్దరికీ మన కథకీ ఒక చుట్టరికం ఉంది. అక్కినేని నాటకాల్లో పేరు తెచ్చుకున్నది ఆడవేషాలతోనే. ఎన్.టి.ఆర్. సంగతి ఇంకా తమాషా. విజయవాడ కాలేజీలో చదివే రోజుల్లో విశ్వనాథ సత్యనారాయణగారు 'రాచమల్లుని దౌత్యం' నాటకంలో ఆయనకి నాగమ్మ వేషం ఇచ్చారు. మీసం తియ్యనని కుర్రవాడు భీష్మించుకున్నాడు. మీసంతోనే వేశాడు. 'మీసాల నాగమ్మ' అనే పేరు మిగిలింది.

మీసం తియ్యనన్నవాడిది ఒక పౌరుషం. అక్కడికి ఆమడ దూరంలోనే జుట్టు తియ్యనన్న ఇంకో కుర్రవాడు నాకు దొరుకుతాడని పామర్రులో టీ తాగేటప్పుడు నాకు తెలియదు.

కూచిపూడి చిన్న ఊరు. రామలింగేశ్వరస్వామి, బాలాత్రిపురసుందరి గుడి, దాని చుట్టూ వీధులు, సిద్ధేంద్రయోగి పేర కళాపీఠం. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల... ఇంటిపేర్లు వింటుంటే నాట్యం గురించిన పుస్తకంలో చివరి పేజీ చదువుతున్నట్టుంటుంది. గోల్కొండ నవాబు తానీషా ఇక్కడివాళ్ళ ఆట చూసి మెచ్చి ఈ అగ్రహారం రాసిచ్చాడని చెబుతారు. సిద్ధేంద్రుడు భామాకలాపం కట్టి, ఈ ఇళ్ళలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడట. మాట మాత్రం ఇప్పటికీ చెల్లుబాటే. కొందరు చిన్నప్పుడే గజ్జె కట్టి ఆ ఒక్కసారి మొక్కు తీర్చేసుకుంటారు. కొందరు దాంట్లోనే మునిగిపోతారు.

మునిగినవాళ్ళలో మహానుభావుడు వేదాంతం సత్యనారాయణశర్మగారు. 1935లో పుట్టి 2012లో పోయారు. పద్మశ్రీ. ఆయన భామ వేషంలో నడిచి వస్తుంటే ఆడవాళ్ళే చూసి నడక నేర్చుకోవాలనుకునేవారని ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే 2012లో మరో మహా గురువు వెంపటి చినసత్యంగారూ కన్నుమూశారు. ఆయన ఈ ఊరి నాట్యాన్ని మద్రాసు తీసుకెళ్ళి, 1963లో అకాడమీ పెట్టి, ఆడపిల్లలకి నేర్పి ప్రపంచమంతా తిప్పారు. ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామ అంటే ఎలా ఉంటుందో ఒక తరానికి చూపించింది. అంటే ఇవాళ సత్యభామ కావడానికి మగవాడే అక్కర్లేదు. ఆడపిల్లలే చక్కగా ఆడుతున్నారు. మరి మగపిల్లాడు జడ వేసుకోవడం ఎందుకు?

ఈ ప్రశ్న నేను అడగలేదు. ఒక తండ్రి తన కొడుకుని అడుగుతుంటే విన్నాను.

జడ కాదు, సవాలు

ముందు ఆ జడ సంగతి చెప్పాలి. భామాకలాపంలో సత్యభామ తిన్నగా రంగం మీదికి రాదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. తెర వెనక గజ్జెలు మోగుతాయి. జనం మెడలు సాచి చూస్తుంటారు. అప్పుడు తెర మీదుగా ఇవతలికి ఒక జడ వచ్చి పడుతుంది! మొహం లేదు, కళ్ళు లేవు, జడ ఒక్కటే. దాని అర్థం ఏమిటంటే, "అభినయంలో గానీ శాస్త్రంలో గానీ నన్ను ఓడించగలవాడు ఈ సభలో ఉంటే ముందుకి రండి. నేను ఓడితే ఈ జడ కోసెయ్యండి" అని.

చూశారా, ఎంత పొగరో! మన సినిమాల్లో హీరో ఇంట్రడక్షన్‌కి ముందు బూటు చూపిస్తారు, తర్వాత వీపు చూపిస్తారు, ఆఖర్న మొహం చూపిస్తారు. ఈ ఎత్తు మా డైరెక్టర్లు కనిపెట్టారని మనం ఈలలు వేస్తాం. సత్యభామ ఎప్పుడో వేసేసింది.

ఆ జడ కూడా మామూలు జడ కాదు. నెత్తి మీద రాగిడి, దానికింద పడగ విప్పిన నాగరం, పాపిడికి అటూ ఇటూ సూర్యుడూ చంద్రుడూ, పొడుగునా బిళ్ళలు, కొసన జడకుప్పెలు. బిళ్ళలు ఇరవై ఏడు నక్షత్రాలకి గుర్తనీ, నాగరం ఆదిశేషుడనీ, మొత్తం ప్రపంచమే సత్యభామ వీపు మీద వేళ్ళాడుతోందనీ నాట్యాచార్యులు చెబుతారు. మామ్మగారిని అడిగితే, "ప్రపంచమో కాదో నాకు తెలీదు బాబూ. కిలోంబావు ఉంటుంది. కాటాలో పెట్టి చూశాను" అంది.

ఆ కిలోంబావులో ఒక కుప్పె విరిగింది. అది బాగుచేయించడానికి ఆవిడ శనివారం బందరు బయల్దేరుతుంటే నేనూ బస్సెక్కాను. బందరు పక్కన చిలకలపూడి. పాండురంగడి గుడికి ఎంత పేరో, రోల్డుగోల్డుకీ అంత పేరు. రాగి రేకు మీద పలచటి బంగారు పూత ఎక్కించి, అచ్చుల్లో కొట్టి, రాళ్ళు పొదిగి, మెరుగుపెట్టి పంపిస్తారు. దగ్గర్లో పోతేపల్లిలో దీనికోసమే పార్కు కూడా కట్టారు. దేశం మొత్తం మీద డాన్సు పిల్లల తలల మీద మెరిసే నగల్లో ఇక్కడివి ఎన్నో. ఓ ఇరుకు ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు నేలమీద కూచుని చామంతి బిళ్ళలకి ఎర్రరాళ్ళు అతికిస్తున్నారు. మామ్మగారు అందరినీ పేరుపేరునా పలకరించింది. పనివాడు కుప్పెని చేతిలో తిప్పి చూసి, "కొత్తది తీసుకో మామ్మా, ఇదెందుకు?" అన్నాడు.

"కొత్తది తేలిక. తేలికైతే జడ ఎగురుతుంది. ఇది బరువు, తిరిగినప్పుడు వీపుకి అంటుకునే తిరుగుతుంది" అంది ఆవిడ.

చూడండి, ఒక్క ముక్కలో ఎంత విద్య ఉందో! నేను మూడు పుస్తకాలు తిరగేసినా ఈ సంగతి దొరకలేదు.

అతికించి ఇచ్చేదాకా ఓ గంట పట్టింది. బందరు లడ్డు కొనిపెడతానంటే షుగరంది. చెట్టుకింద కూచున్నాం. అప్పుడు మద్రాసు కథ బయటికొచ్చింది.

1969లో పెళ్ళయి మద్రాసు వెళ్ళింది. భర్త స్టూడియోలో లైట్‌బాయ్. ఆవిడకి బందరులో పెళ్ళికూతుళ్ళకి పూలజడలు కుట్టిన చెయ్యి ఉంది. అరటినార మీద మొగలిరేకులు, మల్లెమొగ్గలు పేర్చి ఒక్క మొగ్గ కూడా రాలకుండా కుట్టగలదు. ఆ చెయ్యి చూసి హెయిర్ డ్రెస్సర్‌కి అసిస్టెంటుగా పెట్టుకున్నారు. ఆ రోజుల్లో వాణిశ్రీ కొప్పు దేశాన్ని ఊపేస్తోంది. "గుంపులో నిలబడే అమ్మాయి కూడా నాకు వాణిశ్రీ కొప్పే కావాలనేది బాబూ. గుంపులో అందరికీ అదే కొప్పయితే హీరోయిన్‌ని ఎవరు చూస్తారు? డైరెక్టరుగారు నన్ను తిట్టేవారు." ఇటు మగపిల్లలు శోభన్‌బాబు రింగు కోసం సబ్బు నురగతో నుదుటిమీద జుట్టు అతికించుకునేవారు. (మా మేనమామ కూడా. ఆయన ఒప్పుకోడు, ఫోటో ఉంది.)

ఆవిడకి ఒక నోటుబుక్కు ఉండేది. ఏ సీనులో జడ ఎడమ భుజం మీదుగా ముందుకొచ్చింది, ఏ సీనులో వెనక ఉంది, పూలు ఎన్ని మూరలు, విచ్చినవా మొగ్గలా అని రాసుకునేది. ఒకసారి గదిలో తీసిన షాట్‌లో ఎడమ వైపున్న జడ, గుమ్మం దాటేసరికి కుడివైపుకి వచ్చింది. మూడువారాల తర్వాత తీసిన షాట్ అది. హాల్లో ఎవరూ కనిపెట్టలేదు. "నేను మాత్రం ఆ సినిమా టీవీలో వస్తే ఇప్పటికీ లేచి వెళ్ళిపోతాను" అంది.

మేకప్ కూడా నేర్చుకోలేకపోయారా అని అడిగాను. నా అమాయకత్వానికి ఆవిడ నవ్వింది. "మొహం మగవాళ్ళది, జుట్టు ఆడవాళ్ళది. అలా పంచేసుకున్నారు. నేను పౌడరు డబ్బా ముట్టుకుంటే యూనియన్‌లో గొడవ!"

ఇది ఆవిడ ఒక్కతి బాధ కాదు. మన చిత్రసీమలో దశాబ్దాల తరబడి ఆడవాళ్ళకి మేకప్ ఆర్టిస్టుగా కార్డు ఇచ్చేవారు కాదు. హెయిర్ డ్రెస్సర్‌గా మాత్రమే ఇచ్చేవారు. చారు ఖురానా అనే ఆమె కోర్టుకెక్కితే, 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఆంక్ష చెల్లదని కొట్టేసింది. అప్పటికి మామ్మగారు మద్రాసు వదిలిపెట్టి చాలా ఏళ్ళయింది. పరిశ్రమ హైదరాబాదు తరలింది, భర్త పోయాడు, ఆవిడ పుట్టింటి వైపు వచ్చేసింది. కూచిపూడిలో ఒక వేషానికి జడ కుట్టడానికి పిలిస్తే వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. "మద్రాసులో ఆడవాళ్ళ మొహం ముట్టుకోనివ్వలేదు. ఇక్కడ మగవాళ్ళకే బొట్టుపెట్టి జడేస్తున్నాను. ఎవడూ యూనియన్ కార్డు అడగలేదు" అంది.

కుర్రవాడి కథ

ఆదివారం రాత్రి సత్యభామ వేసేది ఇరవై ఏళ్ళ కుర్రవాడు. ఊరివాడే. ఇంటిపేరు చెబితే మీరు గుర్తుపడతారు గనక చెప్పను. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. తాత జీవితమంతా ఆడవేషాలు కట్టాడు. తండ్రి చిన్నప్పుడు ఒక్కసారి మొక్కు తీర్చుకుని, తర్వాత తాళం పట్టుకున్నాడు, పిల్లలకి పాఠాలు చెప్పాడు, అప్పులు చేశాడు. అందుకని కొడుకుని ఇంజనీరు చేద్దామనుకున్నాడు.

కుర్రవాడు రెండేళ్ళుగా జుట్టు పెంచాడు. భుజాలు దాటింది. కాలేజీలో 'భామా' అని పిలుస్తారు. "మొదట్లో ఏడిపించడానికే పిలిచేవాళ్ళు సార్. తర్వాత అదే పేరైపోయింది. ఇప్పుడు లెక్చరర్లు కూడా పొరపాటున అనేస్తారు" అన్నాడు. చిక్కు ఏమిటంటే, బుధవారం క్యాంపస్ ఇంటర్వ్యూ. కటింగ్ చేయించుకుని రాకపోతే లోపలికి పంపనని కాలేజీలో గట్టిగా చెప్పారు. మంగళవారం మంగలి షాపులు తియ్యరు. ఆదివారం ఆట. మిగిలింది సోమవారం ఒక్కటే!

"ఇవాళే కొట్టించుకుని, రాత్రికి సవరం పెట్టుకో. చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది?" అన్నాడు తండ్రి. సబబుగానే ఉంది కదా అని నాకూ అనిపించింది.

మామ్మగారు ఒప్పుకోలేదు. "విగ్గు తలమీద కూచుంటుంది. జడ తల్లోంచి రావాలి" అంది. ఇది కవిత్వం కాదు, లెక్క. సొంత జుట్టు వెనక్కి దువ్వి, నల్లదారంతో గట్టిగా ముడేసి, ఆ ముడికి సవరం గుచ్చి, సొంత జుట్టునీ సవరాన్నీ కలిపి మూడు పాయలు అల్లాలి. అప్పుడు కిలోంబావు బరువుని తల మోస్తుంది. క్రాపు మీద పిన్నులతో నిలబెడితే, ఆ బరువునంతా పిన్నులు మొయ్యాలి. భరతనాట్యం అమ్మాయిలు జడ కొసని ఒడ్డాణం కింద దోపుకుంటారు, ఊగదు. భామకి ఆ సౌకర్యం లేదు. ఆవిడ జడని ముందుకి లాగుతుంది, చేత్తో పట్టుకుని చూపిస్తుంది, విసురుతుంది. "ఎనిమిదేళ్ళ కిందట ఒకడు క్రాపుతో వచ్చాడు. నాదే తప్పు, సరేనన్నాను. లేఖ రాసేచోట తల తిప్పాడు. జడ ఊడి ముందు వరసలో పడింది. జనం నవ్వారు. ఆ పిల్లాడు మళ్ళీ గజ్జె కట్టలేదు."

తండ్రి మాట్లాడలేదు. కాసేపాగి, "ఇప్పుడు ఆడపిల్లలే చక్కగా ఆడుతున్నారు కదరా. నువ్వెందుకు?" అన్నాడు.

కొడుకు వెంటనే జవాబు చెప్పలేదు. తలవంచుకుని మామ్మగారికి జుట్టు అప్పగించి కూచున్నాడు. చాలాసేపటికి, నాతో అన్నాడో, గోడతో అన్నాడో గానీ, "మామూలుగా నాకు నోరు లేదు సార్. క్లాసులో లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడగలేను. ఆ జడ వెనకాల పడగానే అడగగలననిపిస్తుంది" అన్నాడు.

జడ అల్లడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. కొబ్బరినూనె, సన్నపళ్ళ దువ్వెన, పాపిడి. ఆ పాపిడి గీసేటప్పుడు ఆవిడ ఊపిరి బిగపట్టింది. "ఇది వంకరైతే ముక్కు కూడా వంకరగా కనిపిస్తుంది" అంది. తర్వాత సవరం. పాయ బిగించినప్పుడల్లా కుర్రవాడి కళ్ళు చెమ్మగిల్లాయి, నెప్పికి. తర్వాత బిళ్ళలు ఒక్కొక్కటీ సూదీదారంతో జడకి కుట్టింది. పిన్నుపెట్టదు. కుడుతుంది.

"ఈ సవరం ఎక్కడి జుట్టు మామ్మా?" అన్నాను.

"బజార్లో కొన్నదే. ఏ తల్లి మొక్కో!"

ఆ మాట నిజమైనా కావచ్చు. తిరుమల కొండమీద భక్తులు ఇచ్చే తలనీలాల్ని పొడుగుని బట్టి రకాలుగా విడదీసి దేవస్థానంవారు ఈ-వేలం వేస్తారు.  అక్కణ్ణుంచి ఆ జుట్టు సముద్రాలు దాటుతుంది. 2009లో అమెరికన్ హాస్యనటుడు క్రిస్ రాక్ 'గుడ్ హెయిర్' అనే డాక్యుమెంటరీ తీశాడు. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు జుట్టు కోసం పడే తిప్పలు, పెట్టే ఖర్చు చూపిస్తూ, ఆ జుట్టు వెతుక్కుంటూ మన దేశంలో తలనీలాలు తీసే చోటికి వచ్చాడు. దొరికితే చూడండి. నవ్విస్తూనే ఉంటుంది, మధ్యలో ఎక్కడో నవ్వడం ఆగిపోతుంది.

రాత్రి తొమ్మిదిన్నరకి మొదలైంది. గుడి దగ్గర జనం బాగానే చేరారు. పిల్లలు ముందు చాపల మీద, ముసలివాళ్ళు కుర్చీల్లో. వెనక మోటారు సైకిళ్ళ మీద ఆరుగురు కుర్రాళ్ళు, సెల్‌ఫోన్లు పైకెత్తి. కాలేజీ స్నేహితులట. మద్దెల వాయించేవాడు వేళ్ళు విరుచుకున్నాడు. కుర్రవాడి తండ్రి తాళాలు పట్టుకుని కూచున్నాడు. ఆయన కొడుకు వైపు చూడలేదు.

తెర పట్టారు. గజ్జెలు మోగాయి. జడ వచ్చి తెర మీద వాలింది. దీపాల వెలుగులో నాగరం తళుక్కుమంది.

సరిగ్గా అప్పుడు మోటారు సైకిళ్ళ దగ్గర్నుంచి ఒకడు గట్టిగా అరిచాడు. "కట్ చేసెయ్యండ్రా, బుధవారం ఇంటర్వ్యూ!"

జనం గొల్లుమన్నారు. కుర్చీల్లో ముసలాయన ఒకాయన వెనక్కి తిరిగి తిట్టాడు. నేను మామ్మగారి మొహం చూశాను. ఆవిడ తెరనే చూస్తోంది. తెరమీద జడ కదలకుండా ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు... తాళం పట్టినాయన చెయ్యి కూడా గాల్లోనే ఆగింది.

అప్పుడు ఆ జడ ఒక్కసారి ఛళ్ళున లేచి పడింది. కుప్పెలు మోగాయి. కొరడా విదిలించినట్టు. "అయితే రారా!" అన్నట్టు. మాట లేదు, మొహం లేదు. జనం ఈలలు వేశారు. తండ్రి తాళం వేశాడు.

తర్వాతి రెండు గంటలూ నేను పెన్ను తియ్యలేదు. తెర తొలగాక వచ్చినవాడు పొద్దున తలవంచుకు కూచున్న కుర్రవాడు కాడు. కృష్ణుడు అద్దం పట్టి నువ్వు అందమా నేను అందమా అంటే, నేనే అని చెప్పి చిక్కులో పడ్డ మనిషి. పొగరు చూపించేచోట జడని ముందుకి లాగి, వేళ్ళ మధ్య నిలబెట్టి, ఇది చూశారా మీ ఇళ్ళల్లో అన్నట్టు నిలబడ్డాడు. మాధవి ఎంత అడిగినా మొగుడి పేరు చెప్పలేక సిగ్గుపడేచోట అదే జడ కొసని చుట్టుకుని నలిపాడు. లేఖ రాసేటప్పుడు జడ వీపు మీద చచ్చిన పాములా పడుంది. ఒక్క జడని మూడు రకాలుగా బతికించాడు! లోపాలు లేవనను. విరహం దగ్గర తొందరపడ్డాడు, మధ్యలో ఒకచోట పాట మరిచిపోతే తండ్రి అందించాడు. కానీ మోటారు సైకిళ్ళ మీది ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగడం నేను చూశాను. 1966 నాటి 'శ్రీకృష్ణ తులాభారం'లో జమునని చూసి సత్యభామ అంటే ఇదే అనుకున్నవాణ్ణి నేను. ఆ రాత్రి ఇంకో సత్యభామని చూశాను.

ఒంటిగంటకి మామ్మగారు బిళ్ళల దారాలు కత్తిరించింది. జడ విప్పాక కుర్రవాడి మెడ వెనక ఎర్రగా కమిలి ఉంది. అరిచిన స్నేహితుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏమనాలో తెలియక, "నీళ్ళు తాగుతావా?" అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం ముగ్గురం పామర్రులో దిగాం. నేను ఇంటికి వెళ్ళే బస్సుకి, కుర్రవాడు కటింగ్ షాపుకి. మామ్మగారు ఎందుకొచ్చిందంటే, చేతిలో పాత న్యూస్‌పేపరు ఉంది. షాపువాడు కత్తెర తీసేసరికి, "ఆగు. ముందు రబ్బరుబ్యాండు వెయ్యి. ముడికి పైన కొయ్యి, కింద కాదు" అని దగ్గరుండి కోయించింది. పేపర్లో పెట్టి జానతో కొలిచింది. జానెడు మీద బెత్తెడు.

"దీంతో సవరం అవుతుందా?" అన్నాను.

"కొసకి చాలదు. మొదట్లో కలుపుతాను, పట్టుకి" అని పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది. కుర్రవాడు అద్దంలో తన మెడ చూసుకుంటున్నాడు. ఆ మెడ మీద ఎర్రమచ్చ ఇంకా పోలేదు. ఏడుస్తాడేమో అనుకున్నాను. "చలిగా ఉంది సార్" అన్నాడు, అంతే.

మూడు వారాల తర్వాత ఫోను చేశాను. మామ్మగారు సవరం కట్టేసిందట. ఇంటర్వ్యూ ఏమైందని అడిగాను.

"రెండో రౌండుదాకా వెళ్ళాను సార్. నీ హాబీ ఏమిటన్నారు."

"ఏం చెప్పావు?"

"సత్యభామ వేషం కడతానని చెప్పాను. మామూలుగా అయితే చెప్పేవాణ్ణి కాదు."

"వాళ్ళేమన్నారు?"

"జుట్టేదీ? అన్నారు సార్."